మూడో రింగు

మా ఇంట్లో ఫోన్‌కి ఒక కట్టుబాటు ఉంది. ఎవరు ఏ పని మీద బయటికి వెళ్ళినా, క్షేమంగా చేరగానే ఒక్క రింగు ఇచ్చి కట్ చేయాలి. అది నాకు చాలు. ఎత్తి మాట్లాడక్కర్లేదు. రెండోసారి మోగిందంటే ఏదో పని పడిందని. మూడోసారీ మోగిందంటే ఏదో అయిందని. ఈ కట్టుబాటు పెట్టింది నేనే. మా అమ్మాయి దాన్ని పొల్లుపోకుండా పాటిస్తుంది. మా ఆయనకి మాత్రం ఇన్నేళ్ళయినా ఒంటబట్టలేదు. లిఫ్టులు బాగుచేసే మనిషి. గోడంత బోర్డులో ఏ వైరు ఎక్కడికి పోతుందో కళ్ళు మూసుకుని చెబుతారు గానీ, ఒక్క రింగుకి ఫోన్ కట్ చేయడం చేతకాదు. అది మోగుతూనే ఉంటుంది. నేను కాళ్ళూ చేతులూ ఆడక ఎత్తి "ఏమైందండీ" అంటే, "ఏం కాలేదు, చేరాను. ఆ మాట చెబుదామనే" అంటారు.

నేను భయస్తురాలిని. ఆ సంగతి దాచుకోవడానికేం లేదు. అమ్మాయి స్నానాల గదిలో కూనిరాగం ఆపితే తలుపు కొడతాను. మా ఆయన పనికి వెళ్తుంటే లిఫ్టు తాడు తెగినట్టు నా కళ్ళకి కట్టేస్తుంది. "నీ భయాలకి జీతం ఇచ్చేవాడు ఉంటే ఈపాటికి మేడ మీద మేడ కట్టేవాళ్ళం" అని ఆయన ఎగతాళి.

మా అమ్మాయిని మేం పిచ్చుక అంటాం. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేటంత ఉండేది. ఇప్పుడు పెద్ద చదువు చదివి, భౌతికశాస్త్రం పరిశోధించే చోట పని చేస్తోంది. నేను బట్టలు సరిచేసే దుకాణంలో మిషన్ తొక్కుతాను. పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తాను, జిప్పులు మారుస్తాను, గుండీలకి కాజాలు కుడతాను.

ఒక సాయంత్రం వంటింటి బల్ల మీద కాజాలు కుడుతూ, "నువ్వు రోజంతా అక్కడ చేసేదేమిటే?" అని అడిగాను. తను నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది. పక్కపక్కనే రెండు కాజాలున్నాయి దాని మీద. దీపానికి ఎదురుగా పట్టుకుంది.

"ఒక్క కాంతి రేణువుని వదిలామనుకో. ఈ కాజాలోంచి వెళ్తుందా, ఆ కాజాలోంచా?"

"ఏదో ఒకదాన్లోంచే. ఒక గుండీ ఎక్కడైనా రెండు కాజాల్లో దూరుతుందా?"

"అది గుండీ కాదమ్మా. ఎటు వెళ్ళిందో కనిపెట్టనంతసేపు రెండింట్లోంచీ వెళ్ళినట్టే లెక్క తేలుతుంది. కనిపెట్టామా, ఒక్కదాన్లోంచే."

"మరి ఆ రెండోది ఏమైపోయినట్టు?"

"గొడవంతా అక్కడే. కొంతమంది ఏమంటారంటే, అదీ జరిగింది, కాకపోతే వేరే లోకంలో. అచ్చం ఇలాంటి లోకమే. అక్కడా ఒక నువ్వు, ఒక నేను, ఈ వంటిల్లు. ఎవరూ రుజువు చేయలేదు. ఊహే."

చేతిలో మిగిలిన సూది నా వేల్లో దిగింది. "అయితే నేను భయపడిందల్లా ఎక్కడో ఒక చోట జరిగే ఉంటుందా?"

"ఆ లెక్కన ఉండొచ్చు. నువ్వు సంతోషించాలమ్మా. అవేవీ జరగని లోకంలో పడ్డాం మనం."

సంతోషించడం నాకెక్కడ చేతనవుతుంది? ఆ లోకాల్లోని తల్లుల గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. నాకు తాడు తెగినట్టు కనిపించిన ప్రతిసారీ వాళ్ళలో ఒకామెకి నిజంగానే తెగి ఉంటుంది. మా ఆయన తల పట్టుకున్నారు. "ఇన్నాళ్ళూ ఒక్క ఇంటికే భయపడేది. ఇప్పుడు లోకాలన్నీ దీనికి అప్పజెప్పావు. నీకు దణ్ణమే తల్లీ."

కొన్నాళ్ళకి ఒకరోజు పొద్దున పిచ్చుక కొండ మీదికి బయల్దేరింది. పైనుంచి, ఆకాశంలోంచి రాలే రేణువుల్ని లెక్కపెట్టే పెట్టె ఒకటి అక్కడ బిగించాలట. వ్యానులో తనూ, డ్రైవరూ. వారమంతా వానలు.

"కొండ నానిపోయి ఉంటుందే. రేపు వెళ్ళకూడదా?"

"నీ మాట వింటే నేనింకా ఊయల్లోనే ఉండేదాన్నమ్మా."

చెప్పులు వేసుకుంటూనే టీ సగం తాగి, కప్పు కిటికీలో పెట్టేసి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి ముందే రింగు ఇస్తానంది.

మధ్యాహ్నం దాటింది. రింగు రాలేదు. కుట్టిన జిప్పునే మళ్ళీ విప్పి కుడుతున్నాను. మా దుకాణం ఓనరు, నేను వదినా అని పిలుస్తాను, అది చూసి మిగతా బట్టలు తన వైపు లాక్కుంది. ఎదురుగా క్షవరం షాపులో టీవీ పెట్టారు. గడ్డం గీయించుకుంటున్నవాడు నురగ మొహంతోనే లేచి నిలబడి చూస్తున్నాడు. కొండదారి విరిగిపడిందట. బురదలో ఒక తెల్ల వ్యాను కొట్టుకుపోయిందట.

మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయనకి అప్పటికే తెలిసింది. ఎవరిదో బండి అడిగి తీసుకుని దారిలో ఉన్నారు. "నేను వెళ్తున్నా. నువ్వు ఫోన్ దగ్గరే ఉండు. పైన సిగ్నల్ సరిగ్గా ఉండదు, నా ఫోన్ కలవకపోతే కంగారు పడకు" అన్నారు. గొంతు ఆయనది కాదు. అంత నెమ్మదిగా ఆయన ఎప్పుడూ మాట్లాడరు.

కాసేపటికి ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఒక రింగు. రెండు. మూడు. ఆగలేదు. నేను ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదంటే ఏం చెప్పను? పిచ్చుక మాటే నా తలలో తిరుగుతోంది. కనిపెట్టనంతసేపు రెండూ ఉన్నట్టే. ఎత్తితే ఆ మనిషి ఏదో ఒకటి చెబుతాడు. చెప్పాక ఇంకొకటి ఉండదు. ఎత్తకుండా ఉన్నంతసేపు పిచ్చుక ఏ టీ కొట్టు దగ్గరో దిగి, చేతులు కాచుకుంటూ, దారి ఎప్పుడు తెరుస్తారని అడుగుతూ ఉంటుంది. నేను ఫోన్‌ని ఎత్తనంతవరకే ఆ పిల్ల ఉంటుంది.

అది ఆగి మళ్ళీ మోగింది. గుండీల డ్రాయరు లాగి, ఫోన్ అందులో పడేసి మూసేశాను. లోపల గుండీల మధ్య అది గలగలా కదులుతోంది.

"ఎత్తవేం? పిల్ల గురించేమో కదా" అంది వదిన.

"అందుకే వదినా."

"అందుకే ఏమిటి? మతి గానీ పోయిందా నీకు? జరుగు, నేనెత్తుతా."

తను చెయ్యి చాపింది. నేను డ్రాయరుకి అడ్డంగా నిలబడ్డాను. ఇరవై ఏళ్ళుగా నాకు పని ఇచ్చిన మనిషి చేతిని విసిరికొట్టాను. వదిన వెనక్కి తగ్గింది. కోపంతో కాదు, నన్ను చూసి భయపడి. మోత ఆగగానే ఫోన్ తీసి సంచిలో కుక్కుకుని బయటికి నడిచాను.

ఎక్కడికో నాకు తెలుసు. వాళ్ళ పెద్దసారు గురించి పిచ్చుక ఒకసారి చెప్పింది. కాలంలో వెనక్కి వెళ్ళడం కుదురుతుందా లేదా అని ఆయన ఏళ్ళ తరబడి లెక్కలు రాస్తున్నారట. అప్పుడు నవ్వుకున్నాను, ఇంట్లో పాత క్యాలెండర్ దాచుకుంటే సరిపోదా అని. ఇప్పుడు ఆ లెక్క తప్ప నాకు దారి లేదు.

వాళ్ళు పని చేసేది నేల కింద. మెట్లు దిగుతుంటే చలి మొదలైంది. మందపాటి తలుపులు. ఎక్కడో ఒక యంత్రం ఆగకుండా మూలుగుతోంది. చివరి గదిలో కొక్కేనికి మా పిచ్చుక తెల్లకోటు వేలాడుతోంది. దాని జేబు నేనే కుట్టాను. తలుపు పక్కన తను లోపల వేసుకునే మెత్తటి చెప్పులు, ఒకటి బోర్లా పడి ఉంది. దాన్ని తిప్పి పెట్టాను.

పెద్దసారు చెవికి ఫోన్ ఆనించుకుని నిలబడి ఉన్నారు. కొండ కింద ఠాణాకి చేస్తున్నారట, లైన్ దొరకడం లేదు. నన్ను చూసి రిసీవర్ పెట్టేశారు. నేనెవరినో చెప్పాల్సిన పని లేకపోయింది. నాదీ పిచ్చుకదీ ఒకటే మొహం.

"కూర్చోండమ్మా."

"కూర్చోడానికి రాలేదు సార్. మీరు కాలంలో వెనక్కి పోవడం మీద పని చేస్తారని మా అమ్మాయి చెప్పింది."

"కాగితం మీదేనమ్మా."

"ఎక్కువ దూరం వద్దు సార్. ఇవాళ పొద్దున్నకి చాలు. తను చెప్పులు వేసుకుంటూ ఉంటుంది. నేను తలుపుకి అడ్డంగా నిలబడతాను. అంతే. మళ్ళీ వచ్చేస్తాను."

ఆయన నవ్వలేదు. బల్ల అంచు మీద కూలబడ్డారు. కోటు పై గుండీ ఒక్క దారం మీద వేలాడుతోంది.

"అలాంటి యంత్రం ఎవరి దగ్గరా లేదమ్మా. ఉంటే మీకన్నా ముందు నేను వెళ్ళేవాణ్ణి. ఆ వ్యాను పంపింది నేనే."

"ఉందనుకోండి సార్. పంపారనుకోండి."

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "అనుకుంటే... కొందరి ఊహ ఏమిటంటే, మీరు వెళ్ళేది మీ పొద్దున్నకి కాదు. మీరు అడుగు పెట్టగానే అది వేరే లోకమైపోతుంది. అక్కడి అమ్మాయిని మీరు ఆపుతారు. ఆ అమ్మాయి ఆ తల్లి దగ్గర ఉంటుంది. మీరు వదిలొచ్చిన ఈ లోకంలో ఏమీ మారదు."

"అంటే నాకు దక్కదు."

"దక్కదమ్మా."

కిటికీలో పెట్టిన సగం టీ గుర్తొచ్చింది. ఇంకో ఇంట్లో, ఇంకో కిటికీలో, ఆ టీ ఎవరో పూర్తిగా తాగుతున్నట్టు అనిపించింది.

"అయినా పర్లేదు సార్. పంపండి. ఎవరో ఒక తల్లికైనా దక్కుతుంది కదా."

ఆయన కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడే నా సంచిలో ఫోన్ మోగింది.

"మీ ఫోనమ్మా."

"తెలుసు సార్."

"ఎత్తండి."

"ఎత్తితే ఒక్కటే మిగులుతుంది. ఎత్తకపోతే ఇంకా రెండు ఉన్నాయి." కాజాల సంగతి, పిచ్చుక చెప్పినదంతా చెప్పాను. చెబుతుండగానే అది మోగి మోగి ఆగిపోయింది.

సారు లేచి నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "అమ్మాయి చెప్పిందాంట్లో తప్పు లేదు. కానీ కనిపెట్టడమంటే మన కళ్ళతో చూడటం కాదమ్మా. ఆ రేణువు చీకట్లో ఒంటరిగా ఉంటేనే ఆ రెండు దారులూ. దానికి ఇంత ధూళి తగిలినా తేలిపోతుంది. మనుషులు అంత ఒంటరిగా ఉండరు. ఆ వ్యానుకి వాన తగిలింది, బురద తగిలింది, గాలి తగిలింది. అక్కడ జరిగింది ఎప్పుడో జరిగిపోయింది. మీ ఫోన్ దాన్ని ఆపడం లేదు. మీకు తెలియకుండా మాత్రమే ఆపుతోంది."

ఆ క్షణాన ఆయన మీద నాకు పుట్టినంత అసహ్యం ఎవరి మీదా పుట్టలేదు. నా చేతిలో మిగిలిన ఆ ఒక్క పిల్లనీ ఆయన లాగేసుకున్నారు.

మళ్ళీ మోగింది. అదే నంబరు.

ఒక రింగు. సంచిలో చెయ్యి పెట్టాను. రెండో రింగు. ఎవరో అదేపనిగా చేస్తున్నారు. గంటసేపటి నుంచి విసుగు లేకుండా చేస్తున్నారు. చావు కబురు చెప్పేవాడికి అంత తొందర ఎందుకు? దానికి ఎప్పుడైనా సమయం ఉంటుంది. ఇన్నిసార్లు చేస్తున్నారంటే నాతో ఏదో అవసరం ఉండాలి. మూడో రింగుకి ఎత్తాను.

"ఆ అమ్మాయి వాళ్ళమ్మగారేనా?" ఎవరో మగమనిషి, రొప్పుతున్నాడు. "ఎంతసేపట్నుంచి చేస్తున్నామమ్మా. నేను రోడ్డు పని చేసేవాణ్ణి. పాప బతికే ఉంది. వ్యాను తలకిందులైంది. డ్రైవర్ని బయటికి తీసేశాం. పాప కాలు సీటు కింద ఇరుక్కుంది. ఇనుము కోసే మిషన్ వస్తోంది. అందాకా నిద్రపోనీయకూడదంట. మాకు ఏం మాట్లాడాలో తెలియట్లేదు. మీ నంబరొక్కటే చెప్తోంది, ఇంకేం గుర్తులేదంట. చెవి దగ్గర పెడుతున్నా. మాట్లాడుతూనే ఉండండి, ఆపొద్దు."

గాలి, వాన, ఎవరివో కేకలు. తర్వాత దుప్పట్ల అడుగునుంచి వచ్చినట్టు ఒక గొంతు.

"అమ్మా. మూడో రింగుకి కూడా ఎత్తలేదేం?"

"ఫోన్ గుండీల డ్రాయర్లో ఉందే."

"గుండీల్లో ఎందుకుంది?"

"తర్వాత చెప్తా. కళ్ళు తెరిచే ఉన్నావా?"

"ఆ... చలేస్తోందమ్మా. కాసేపు పడుకుంటా."

"వద్దు. పడుకోవద్దు."

జీవితమంతా ఈ రోజు గురించే భయపడ్డాను. ఈ రోజు వస్తే ఏం మాట్లాడాలో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. అటు తను ఊపిరి తీస్తోంది, ఒక్కొక్కటీ ఎడంగా. సారు నా వైపే చూస్తున్నారు. ఆయన కోటు మీద వేలాడే గుండీ కనిపించింది.

"పిచ్చుకా, ఆ కాజాల సంగతి నాకు అర్థం కాలేదే. మళ్ళీ చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. గుండీ రెండు ముక్కలై చెరో కాజాలోంచీ పోతుందన్నావు కదా."

"ముక్కలవదమ్మా." ఆ గొంతులో చిరాకు వినిపించింది. మొదటిసారి నిజంగానే తప్పు చెప్పాను. చిరాకు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక అక్కడినుంచి కావాలనే తప్పులు చెప్పసాగాను.

"పోనీ రెండు గుండీలు."

"ఒక్కటే. ఒక్కటే రేణువు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ఒక్కటైతే రెండింట్లో ఎలా దూరుతుందే? నీకే సరిగ్గా తెలిసినట్టు లేదు. మీ సారుని అడిగి తెలుసుకోవాల్సింది."

"నాకు తెలీదా? రోజూ చేస్తా నేను... అల లాంటిదమ్మా. నీళ్ళలో రాయి వేస్తే..."

"రాయి మునిగిపోతుంది."

"రాయి సంగతి కాదు. అల. మొద్దువి నువ్వు."

"మొద్దునే. చెప్పు. అల ఏమవుతుంది?"

"అల... రెండు కాజాల్లోంచీ..." ఆగిపోయింది.

"పిచ్చుకా."

ఊపిరి వినిపిస్తోంది. మాట లేదు.

"పిచ్చుకా, అల ఏమవుతుందే? పిచ్చుకా. ఇంకో లోకంలో నువ్వు పొద్దున్న వెళ్ళలేదు కదూ? నా మాట విని ఇంట్లోనే ఉన్నావు కదూ?"

సారు రెండు చేతులూ బల్ల మీద ఆనించి తల వంచుకున్నారు.

"ఉన్నా... అది నేను కాదమ్మా" అంది. "నేనిక్కడున్నా."

"అయితే ఆ పిల్ల నాకొద్దు. నువ్వే కావాలి. నువ్వే చెప్పు, అల ఏమవుతుంది?"

ఇనుము మీద ఇనుము అరిచింది. "మిషనొచ్చిందమ్మా, పెట్టేస్తున్నా" అన్నాడు రోడ్డు మనిషి. "పెట్టెయ్యొద్దు బాబూ, ఒక్క నిమిషం" అంటూనే ఉన్నాను. కట్ అయింది.

తిరిగి చేశాను. కలవలేదు. మళ్ళీ చేశాను. కలవలేదు. ఎన్నిసార్లు చేశానో తెలియదు. చివరికి సారు నా చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకుని మా ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టారు. గ్లాసుతో నీళ్ళిచ్చారు. తాగలేకపోయాను.

పని లేకపోతే నా చేతులు ఊరుకోవు. సంచిలో ఎప్పుడూ సూదీ దారం ఉంటాయి. "కోటు ఇవ్వండి సార్" అన్నాను. ఆయన మారు మాట లేకుండా విప్పి ఇచ్చారు. సూదిలో దారం ఎక్కడానికే చాలాసేపు పట్టింది.

"సార్."

"చెప్పండమ్మా."

"ఆ లోకాలు ఉంటే గనక, ఒకదాంట్లో ఫోన్ ఇంకా గుండీల డ్రాయర్లోనే మోగుతూ ఉంటుందా?"

"రుజువు లేదు. ఉండొచ్చు."

"మరి అక్కడి పిచ్చుకతో ఎవరు మాట్లాడుతున్నారు?"

ఆయన బల్ల మీది కాగితాల వైపు చూశారు. లెక్కల్లో అది లేనట్టుంది. కుట్టిందే విప్పి మళ్ళీ కుడుతూ గంటల తరబడి కూర్చున్నాను. దిగిన సూది పైకి రాకముందే ఒక్కో భయం. ఇనుము కోసే మిషన్ జారింది. కొండ మళ్ళీ విరిగింది. అల ఏమవుతుందో చెప్పే లోపే పడుకుంది. ఎప్పుడూ వచ్చే భయాలే అయినా ఇప్పుడు వాటికి రంగూ, వాసనా ఉన్నాయి.

బల్ల మీద ఫోన్ మోగింది. మా ఆయన నంబరు. ఒక్క రింగు. ఆగిపోయింది.

ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

"ఒక్క రింగంటే క్షేమమని కదమ్మా?" అన్నారు సారు. పిచ్చుక ఆయనకీ చెప్పినట్టుంది.

"ఆయన జన్మలో ఒక్క రింగుకి కట్ చేయలేదు సార్. సిగ్నల్ పోయి ఉంటుంది. ఏదో చెప్పబోతుంటే పోయి ఉంటుంది."

మళ్ళీ మోగింది. ఒకటి. రెండు. ఈసారి ఆగలేదు. మూడు. గుండీల డ్రాయరు నా కళ్ళముందు కదిలింది. సూది కోటుకే వదిలేసి ఎత్తాను.

"ఎత్తావా" అన్నారు మా ఆయన. "కొండ కింద ఆసుపత్రికి తెచ్చాం. ఇది ఒక్క రింగిచ్చి కట్ చెయ్యమంది. చేశాను. నువ్వు నమ్మవని నాకు తెలియదా? అందుకే మళ్ళీ చేశా."

ఆయన వెనక ఎక్కడో నీరసంగా, "నాన్నా, కట్ చెయ్యమన్నాను కదా, అమ్మ హడలిపోతుంది" అని వినిపించింది.

ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"వింటున్నావా? మాట్లాడుతోంది, నన్ను తిడుతోంది కూడా. కాలి సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారు. రేపు చూస్తారంట."

కాలు. నరం తెగిందేమో. చీము పడుతుందేమో. మళ్ళీ మెట్లు ఎక్కగలదో లేదో, అసలు ఆ కాలు ఉంచుతారో లేదో. వరసగా వచ్చి నిలబడ్డాయి అన్నీ. "వస్తున్నానండీ" అని మాత్రం అన్నాను.

గుండీ చుట్టూ దారం గట్టిగా చుట్టి, ముడివేసి, పంటితో కొరికి కోటు సారుకి ఇచ్చాను. కొక్కేనికి ఉన్న పిచ్చుక తెల్లకోటు, ఆ మెత్తటి చెప్పులు రెండూ సంచిలో పెట్టుకున్నాను. రెండు చెప్పులూ. కొండ వైపు బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగితే సారు మెట్ల పైదాకా వచ్చి చూపించారు.

"చేరగానే నాకూ ఒక్క రింగివ్వండమ్మా" అన్నారు.

"ఎత్తకండి మరి" అన్నాను.